పూత ఉండీ కాపు లేని పెరడు: ఒక కుటుంబపు కేస్ స్టడీ

ఊరికి ఎడంగా, ఇంటి చుట్టూ విశాలమైన పెరడుతో నివసిస్తున్న ఒక కుటుంబం తమ తీగజాతి కూరగాయలు పూస్తున్నాయే తప్ప కాయడం లేదని పెరటి తోటల సలహాదారునైన నన్ను సంప్రదించింది. ఇంట్లో ఉండేది ఐదుగురు: నాయనమ్మ, ఆమె కొడుకు, కోడలు, పదేళ్ల మనవరాలు, ఇంకా బడికి వెళ్లని మనవడు. వారిని గుర్తుపట్టే వివరాలన్నీ తీసివేసి, వారి అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. పెరట్లో గుమ్మడి నేల మీద పాకుతోంది; సొర, బీర వంటింటి వెనుక వరండాను ఆనుకుని వేసిన పందిరి మీద ఉన్నాయి; కంచె వెంబడి కాకర, దోస పాదులున్నాయి. కాకర, దోస ఒక మోస్తరుగా కాస్తున్నాయి. గుమ్మడి, సొర, బీర మాత్రం పూత నిండుగా ఉండి, పిందె పడ్డట్టే కనిపించి, రెండు మూడు రోజుల్లో పసుపు తిరిగి రాలిపోతున్నాయి.

నేను వెళ్లేసరికి ఆ ఇంట్లో చికిత్స చాలా దూరం వచ్చేసింది. ఆకు పాలిపోయిందని యూరియా, పెంకు పురుగు కనిపించిందని పురుగుమందు, ఎండ ఎక్కువైందని నీరు, పూలు దండగని తుంచివేత, ఇలా ఇంటిల్లిపాదీ తలా ఒక చెయ్యి వేశారు. పెరటి తోట కేసుల్లో నాకు తరచుగా ఎదురయ్యే స్థితి ఇదే: జబ్బు ఏమిటో తేలకముందే నాలుగు మందులు పడి ఉంటాయి, వాటిలో ఏది జబ్బు, ఏది మందు అన్నది విడదీయడం సలహాదారు పని అవుతుంది.

ఎవరు ఏ వేళకు చూశారు

ఇలాంటి కేసుల్లో ఇంట్లోని ప్రతి ఒక్కరితోనూ విడివిడిగా మాట్లాడడం నా పద్ధతి. అందరినీ ఒకచోట కూర్చోబెడితే తోట బాధ్యత ఎవరిదో వారే మాట్లాడతారు, మిగిలినవారు తలూపుతారు. విడిగా అడిగినప్పుడు నేను వేసే మొదటి ప్రశ్న మొక్క గురించి కాదు; "మీరు తోటలోకి వెళ్లేది ఎన్నింటికి?" అన్నది. తీగజాతి మొక్కల విషయంలో ఈ ప్రశ్నకు ఉన్న విలువ మట్టి పరీక్షకు కూడా లేదన్నది నా అభిప్రాయం. ఈ మొక్కల్లో ఒక్కో పువ్వు ఆయుష్షు ఒక్క పూటే, ఆ పూట కూడా మొక్కమొక్కకూ వేరు.

గుమ్మడి పువ్వు తెల్లవారుజామున విచ్చుకుని, ఎండ ముదిరేలోపు ముడుచుకుపోతుంది; మళ్లీ విచ్చుకోదు. దోస, కాకర, నేతిబీర కూడా ఉదయం పూసేవే. సొర, బీర మాత్రం సాయంత్రం పొద్దు వాలాక విచ్చుకుంటాయి. నేతిబీర, బీర చూడడానికి అక్కాచెల్లెళ్లలా ఉన్నా ఒకటి పొద్దున, మరొకటి సాయంత్రం పూయడం కొత్తవారిని తికమక పెడుతుంది. స్వీడన్ వృక్షశాస్త్రవేత్త కార్ల్ లిన్నేయస్ 1751లోనే పూలు విచ్చుకునే, ముడుచుకునే వేళలను వరుసగా పేర్చి, వాటిని చూసి పొద్దు ఎంతైందో చెప్పవచ్చని ప్రతిపాదించాడు. అంత పెద్ద పూలగడియారం ఆచరణలో కుదురుతుందో లేదో గానీ, ఒక పందిరి వరకు ఆ ఆలోచన చక్కగా పనికొస్తుంది.

ఇంటి యజమాని పెరట్లోకి వచ్చేది తీరిక దొరికిన రోజున, అదీ ఫలహారం అయ్యాక. ఆయన నాతో నిష్కర్షగా చెప్పిన మాట "మా గుమ్మడి పువ్వు అసలు విచ్చుకోదండీ, మొగ్గలోనే వాడిపోతుంది." ఆయన చూసింది అబద్ధం కాదు, ఆయన వచ్చే వేళకు పువ్వు తన పని ముగించుకుని ముడుచుకుని ఉంటుంది. కోడలు మధ్యాహ్నం, సాయంత్రం తోటలో ఉంటుంది. సొరపువ్వులు విచ్చుకోవడం ఆమె రోజూ చూస్తుంది కానీ, వరండాలో దీపం వేసి లోపలికి వెళ్లిపోతుంది. నాయనమ్మ తెల్లవారకముందే లేస్తుంది. మనవడు కూడా ఆవిడతోపాటే లేచి, ఆవిడ కొంగు పట్టుకుని పెరడంతా తిరుగుతాడు. ఆ ఇంట్లో గుమ్మడి పువ్వును విచ్చుకుని ఉండగా చూసినవారు ఈ ఇద్దరే.

"వెనక పూల నిండా తేనెటీగలుండేవి నాయనా. ఇప్పుడు పూల నిండా నీళ్లుంటున్నాయి" అన్నది ఆవిడ. ఈ ఒక్క వాక్యంతో కేసు సగం తేలింది. కానీ ఆ ఇంట్లో ఆవిడను ఈ విషయం అడిగినవారు లేరు, అడగకుండా చెప్పే స్వభావం ఆవిడది కాదు.

కిటికీ గట్టు మీద సాక్ష్యం

మనవరాలు రాలిన పిందెలను ఏరి, తన గది కిటికీ గట్టు మీద పరిమాణం ప్రకారం వరుసగా పేర్చుకుంది. ఆటకోసం చేసిన పనే అయినా, ఆ వరుస నాకు దొరికిన అన్నిటికంటే మంచి ఆధారం. ఎండి ముడతలు పడ్డ సొరపిందెలు, బఠాణీ గింజంత నుంచి నిమ్మకాయంత వరకు గుమ్మడి పిందెలు, వేలెడంత బీరపిందెలు అందులో ఉన్నాయి.

ఇక్కడ కొంచెం నిదానంగా చెప్పాలి. ఈ తీగజాతి మొక్కల్లో ఆడపువ్వుకు అండాశయం రేకుల కింద ఉంటుంది. అందువల్ల పువ్వు విచ్చుకోకముందే దాని కింద చిన్న కాయ రూపం కనిపిస్తుంది. చూసేవారు దాన్ని పిందె పడిందని అనుకుంటారు. నిజానికి అది ఇంకా ఫలదీకరణ జరగని అండాశయం మాత్రమే. పుప్పొడి అందకపోతే అది పువ్వు పూసిన నాటి పరిమాణంలోనే ఆగిపోయి, పువ్వు ఉన్న కొన నుంచి పసుపు తిరిగి, వడిలి, తొడిమతో సహా ఊడిపోతుంది. పండు ఈగ కొట్టిన పిందె కథ వేరు. అది ఫలదీకరణ జరిగి, కొంత ఎదిగాక, ఈగ గుడ్లు పెట్టిన చోట చిన్న గాటు పడి, బంకలాంటి చుక్క కారి, లోపల పురుగులు తొలిచి కుళ్లుతుంది. మొదటిది ఆగిపోయిన పిందె, రెండవది ఎదిగి చెడిన పిందె. ఈ తేడా తెలియకపోతే రెండింటికీ ఒకే మందు కొడతారు.

అమ్మాయి అనుమతి తీసుకుని ఆ వరుసలోని పిందెలను నిలువుగా కోసి చూశాను. చిన్నవాటిలో పురుగు లేదు, గింజలు ఊరిన జాడ లేదు. లోపల తెల్లని, చదునైన అండాలు ఎలా ఉన్నవి అలాగే ఎండిపోయాయి. పెద్దవి కొన్నిటిలో మాత్రం పురుగు తొలిచిన దారులు ఉన్నాయి. వరుసలో అత్యధికం చిన్నవే. అంటే ఇంటివారు ప్రధాన శత్రువుగా భావించిన పురుగు రెండో స్థానంలో ఉంది. మొదటి సమస్య పుప్పొడి అందకపోవడం. ఈ పరీక్ష ఏ ఇంట్లోనైనా కూరగాయల కత్తితో చేసుకోవచ్చు. పిందెలు రాలుతున్నాయని అడిగేవారికి నేను మందు పేరు చెప్పకుండా ముందు కత్తి తీసుకోమని చెప్పేది ఇందుకే.

దారం కట్టి చూడడం

అనుమానం బలపడినా, మొక్కకు కాయ నిలుపుకునే శక్తి ఉందా లేదా అన్నది వేరుగా తేల్చుకోవాలి. చేత్తో పుప్పొడి అద్దినా పిందె రాలితే లోపం పోషణలోనో, వేడిలోనో, వేరులోనో ఉంటుంది. అద్దినప్పుడు నిలిచి, అద్దనప్పుడు రాలితే లోపం పువ్వుకూ పువ్వుకూ మధ్య జరగవలసిన రాకపోకల్లో ఉంటుంది. ఇంట్లో ఎవరి అలవాటునూ ఇంకా మార్చకుండా, కొన్ని ఆడపూలకు చేత్తో పుప్పొడి అద్ది తొడిమకు ఎర్రదారం, మరికొన్నిటిని వాటి మానాన వదిలేసి తెల్లదారం కట్టించాను. అదే తీగ, అదే నీరు, అదే మట్టి.

పుప్పొడి అద్దడం కష్టమైన పని కాదు గానీ వేళ తప్పితే వృథా. మరునాడు విచ్చుకోబోయే గుమ్మడి మొగ్గ ముందురోజు సాయంత్రానికే కొన దగ్గర పసుపు తిరిగి, కొద్దిగా వదులవుతుంది. అలాంటివాటిని గుర్తుపెట్టుకుని, తెల్లవారగానే అప్పుడే విచ్చుకున్న మగపువ్వును కాడతో కోసి, రేకులు ఒలిచి, నడుమ ఉన్న పుప్పొడి కంబాన్ని ఆడపువ్వు నడుమ పుప్పొడిని అందుకునే భాగమైన కీలాగ్రానికి చుట్టూ మెత్తగా రాయాలి. గుమ్మడి కీలాగ్రం మూడు తమ్మెలుగా ఉంటుంది, మూడింటికీ అందాలి. ఒక పక్కకే రాస్తే గింజలు ఒక పక్కే ఊరి కాయ వంకరగా ఎదుగుతుంది. గుమ్మడి పుప్పొడి రేణువులు పెద్దవి, జిగురుగా ఉంటాయి. గాలికి ఎగిరే రకం కాదు. కాబట్టి తేనెటీగో, తుమ్మెదో, మనిషి చెయ్యో మోయక తప్పదు. పైగా నిండైన కాయకు వందల కొద్దీ రేణువులు కావాలి, ఒక తేనెటీగ ఒకసారి వాలితే సరిపోదు.

సొర, బీర పూలకు ఇదే పని పొద్దుగూకాక టార్చి వెలుగులో చేయాలి. మగపువ్వు సన్నని పొడవాటి కాడ మీద, ఆడపువ్వు నూగుతో మెరిసే చిన్న కాయ మీద ఉంటాయి కాబట్టి చీకట్లోనూ తేడా తెలుస్తుంది. ఉదయపు పని నాయనమ్మ, మనవడు చేశారు; సాయంత్రపు పని తల్లి, కూతురు చేశారు. తీగలను కదిలించేటప్పుడు నులితీగలు తెగకుండా చూడమని నేను చెప్పినప్పుడు అమ్మాయి ఒక నులితీగను పరీక్షగా చూసి, "ఇది సగం దాకా ఇటు చుట్టుకుని, మధ్యలో తిరగబడి అటు చుట్టుకుంది" అని పట్టుకుంది. రెండు కొసలూ బిగిసి ఉన్న తీగ చుట్టలు తిరగాలంటే మధ్యలో దిశ మారక తప్పదని చార్ల్స్ డార్విన్ 1865లో పాకే మొక్కల మీద ప్రచురించిన పరిశీలనల్లో వివరించాడు. గాలి వీచినప్పుడు తీగ తెగకుండా సాగి మళ్లీ ముడుచుకోవడానికి ఆ చుట్టలే ఆధారం. పాఠం చెప్పవలసిన అవసరం లేకుండా ఆ అమ్మాయే ఆ తర్వాత తీగలను రెండు చేతులతో ఎత్తి పట్టుకోవడం మొదలుపెట్టింది.

ఎర్రదారం కట్టిన పిందెల్లో ఎక్కువ భాగం నిలిచాయి. వాటి తొడిమ బలపడి, రెండు మూడు రోజుల్లో కాయ ఊరడం కంటికే కనిపించింది. తెల్లదారం కట్టినవి దాదాపుగా రాలిపోయాయి. ఈ తేడా గుమ్మడిలోనూ, పందిరి మీది రెండు తీగల్లోనూ ఉంది. అంటే ఉదయం రావలసినవీ రావడం లేదు, రాత్రి రావలసినవీ రావడం లేదు. ఒకే పెరట్లో రెండు వేళల్లోనూ రాకపోకలు తెగాయంటే ఒక కారణం చాలదు.

కారణాలు

ఉదయపు కారణం నాయనమ్మ చెప్పిన నీరే. నీరు పెట్టే శ్రమ తగ్గించడానికి యజమాని పైనుంచి చిమ్మే స్ప్రింక్లర్లు పెట్టించి, ఆవిరై పోకుండా ఉంటుందని తెల్లవారుజాముకు టైమర్ అమర్చారు. నీటి పొదుపు కోణంలో అది తెలివైన వేళే. కానీ గుమ్మడి పువ్వు నోరు పైకి తెరుచుకుని ఉంటుంది. విచ్చుకున్న వెంటనే అది దొన్నెలా నీటితో నిండుతోంది. నేను చూసిన ఒక పువ్వులో అడుగున పుప్పొడి పసుపు ముద్దై పేరుకుంది, ఒక తేనెటీగ తేలుతోంది. తడిసిన పుప్పొడి రేణువులు ఉబ్బి పగిలి పనికిరాకుండా పోతాయి. తడిగా ఉన్న పూల మీద తేనెటీగలు వాలవు. నీరు ఆగి, పూలు ఆరేసరికి పువ్వు ముడుచుకునే వేళ అవుతోంది.

రెండో కారణం సున్నితమైనది. నాయనమ్మ, నేల మీద పాకుతున్న గుమ్మడికి కాడ మీద పూసే పూలను, అంటే పోతు పూలను, గొడ్డు పూలని భావించి రోజూ తుంచేస్తున్నది. అవి మొక్క బలం తినేస్తాయని ఎవరో చెప్పారట. మగపువ్వులు ముందుగా, చాలా ఎక్కువగా రావడం ఈ మొక్కల సహజ లక్షణం. తొలి రోజుల్లో అన్నీ అవే ఉంటాయి కాబట్టి ఆవిడ ఆలోచనకు కంటికి కనిపించే ఆధారం ఉంది. జర్మనీలోని ట్యూబింగెన్‌లో రుడాల్ఫ్ కామెరేరియస్ 1694లో ప్రకటించిన ప్రయోగాల్లో ఒకటి సరిగ్గా ఇదే: ఆముదపు మొక్కకు మగ మొగ్గలను విచ్చుకోకముందే తుంచివేస్తే గింజలు కట్టలేదని ఆయన చూపాడు. మొక్కల్లోనూ ఆడ, మగ భేదం ఉందన్న విషయానికి ప్రయోగపూర్వకంగా దొరికిన తొలి రుజువుల్లో అది ఒకటి. ఈ సంగతి ఆవిడకు నేను చెప్పలేదు. ఎర్రదారం పిందెలు నిలవడం చూశాక ఆవిడే, "అయితే నేను తుంచిందల్లా మగాళ్లనన్నమాట" అని నవ్వి ఊరుకున్నది. పెద్దవారి అలవాటును ముఖం మీద తప్పుపట్టడం కంటే వారి చేతికే పువ్వు ఇవ్వడం మేలని ఈ వృత్తిలో నేను గట్టిగా నమ్ముతాను.

రాత్రి కారణం వరండా దీపం. సొరపువ్వు తెల్లగా, సువాసనతో చీకట్లో విచ్చుకునేది రాత్రి తిరిగే రెక్కల పురుగుల కోసం. మసక వెలుతురులోనూ ఆ తెలుపు కనబడుతుంది. పందిరికి ఎదురుగా తెల్లని ఎల్ఈడీ దీపం రాత్రంతా వెలుగుతూ ఉంటే ఆ పురుగులు దీపం చుట్టూ తిరిగి, గోడ మీద వాలి, బల్లులకు ఆహారమై పోతాయి. స్విట్జర్లాండ్ పచ్చిక మైదానాల్లో దీపాలు నిలిపి చేసిన, 2017లో వెలువడిన ఒక అధ్యయనంలో, వెలుగు పడిన చోట్ల రాత్రి కీటకాలు పూలపై వాలడం 62 శాతం తగ్గిందని, పరిశీలించిన ఒక మొక్కలో కాయ కట్టడం 13 శాతం తగ్గిందని తేలింది. అక్కడి మొక్కకు పగటి కీటకాల సాయం కూడా ఉంది. ప్రధానంగా రాత్రి అతిథుల మీద ఆధారపడే సొరకు ఆ లోటు మరింత బరువుగా పడుతుందని నేను భావిస్తున్నాను. ఈ ఇంట్లో మాత్రం దీపం ఊరికే వెలగడం లేదు. నాయనమ్మ రాత్రి లేచి పెరటివైపు వెళ్లవలసి వస్తుంది, మెట్ల దగ్గర తడబడుతుంది. తోట కోసం ఆ దీపం ఆర్పమనడం సలహా కాదు, అవివేకం.

ఇక పురుగుమందు. కోడలు పెంకు పురుగులు ఆకులు కొరుకుతున్నాయని సాయంత్రం పూట మందు కొడుతోంది. తేనెటీగలకు హాని కలగకుండా సాయంత్రం కొట్టమని సాధారణంగా చెప్పే మాటే ఆమె పాటించింది. గుమ్మడికి అది సరైన మాటే. అయితే అదే సాయంత్రం పక్కనే సొర, బీర విచ్చుకుంటున్నాయి. ఉదయం కొడితే ఒకరి అతిథులకు, సాయంత్రం కొడితే మరొకరి అతిథులకు విషం. మిట్టమధ్యాహ్నం కొడితే ఆకు మాడుతుంది. రెండు వేళల పూలూ కలిసి ఉన్న పెరట్లో మందుకు మంచి ముహూర్తం లేదు. పైగా పెంకు పురుగు నిజంగా ప్రమాదకరమయ్యేది మొలక రెండాకుల మీద ఉన్నప్పుడు. పందిరెక్కిన తీగ నాలుగు ఆకులు చిల్లులు పడినా తట్టుకుంటుంది.

యూరియా గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. నత్రజని అధికమైతే తీగ ఏపుగా సాగి మగపూలు పెరుగుతాయి, ఆడపూలు వెనకబడతాయి. ముదురాకుపచ్చ తిరిగి, అరచేతి కంటే చాలా పెద్దవైన ఆకులు చూస్తేనే విషయం అర్థమైంది.

మార్పులు, బేరసారాలు

మొక్కలకు చేయవలసింది తక్కువ, ఇంటి దినచర్యలో సర్దవలసింది ఎక్కువ. స్ప్రింక్లర్లు గుమ్మడి మడి వరకు ఆపి, పాదు మొదట్లోనే నీరు పడేలా గొట్టం మార్చడానికి యజమాని వెంటనే ఒప్పుకున్నారు; నీరు ఇంకా తక్కువ పడుతుందన్నది ఆయనకు నచ్చింది. యూరియా ఆపి, బాగా చివికిన పశువుల ఎరువు మాత్రమే కొనసాగించాము. సొర తీగ తల తుంచి పక్క కొమ్మలు రానిచ్చాము. సొరలో ఆడపూలు పక్క కొమ్మల మీదే ఎక్కువగా వస్తాయి.

దీపం విషయంలో చర్చ పొడుగ్గా సాగింది. కోడలు దీపం తీయడానికి ససేమిరా అన్నది, ఆమె మాటలో న్యాయముంది. చివరకు పైనున్న దీపాన్ని అత్యవసరానికి ఉంచి, మెట్ల పక్కన మోకాలి ఎత్తులో, వెలుగు కిందికే పడేలా మూత ఉన్న పసుపు దీపం పెట్టి, మనిషి కదిలినప్పుడే వెలిగేలా అమర్చారు. మెట్లు ఇప్పుడు మునుపటికంటే స్పష్టంగా కనబడుతున్నాయని నాయనమ్మ చెప్పింది, పాత దీపం ఎత్తు నుంచి పడి ఆవిడ నీడే ఆవిడకు అడ్డం వచ్చేదట. పందిరి పక్కన సాయంత్రమే విచ్చుకునే చంద్రకాంత మొక్కలు, గుమ్మడి మడి గట్టున బంతి, పూతకు వదిలేసిన కొత్తిమీర వేయించాను.

పురుగుమందు పూర్తిగా ఆపించాను. పెంకు పురుగులు తెల్లవారుజామున చలికి మందకొడిగా ఉంటాయి. ఆ వేళ సబ్బునీళ్ల గిన్నెలోకి దులపడం మనవడికి ఇష్టమైన పనిగా మారింది. పండు ఈగకు వేరే జాగ్రత్త అవసరమైంది. రాలిన, కుళ్లిన పిందెలన్నిటినీ ఏ రోజుకారోజు ఏరి, గాలి చొరని సంచిలో కట్టి ఎండలో పెట్టడం, నిలిచిన పిందెలకు కాగితపు సంచి తొడగడం, ఎర బుట్ట వేలాడదీయడం అందులో భాగం. ఎర కొనేటప్పుడు ఒక మాట గుర్తుంచుకోవాలి: మామిడి తోటల్లో వాడే మిథైల్ యూజెనాల్ ఎరకు తీగజాతి కాయల ఈగ రాదు, దానికి క్యూల్యూర్ అనే వేరే ఎర కావాలి. ఈ ఇంట్లో అంతకుముందే మొదటి రకం బుట్ట ఒకటి వేలాడుతోంది, అందులో పడ్డ ఈగలను చూసి పని జరుగుతోందని వారు నమ్మారు. పడ్డవి వేరే ఈగలు.

ఫలితం, దాని పరిమితులు

తర్వాతి పూత నుంచే గుమ్మడిలో చేయి పెట్టకుండానే పిందెలు నిలవడం మొదలైంది. గుమ్మడి పువ్వులో తేనెటీగ దూరినప్పుడు పువ్వంతా బూరలా మోగుతుంది. మనవడు రోజూ ఏ పువ్వు మోగిందో వచ్చి చెప్పేవాడు, అక్క దాన్ని పుస్తకంలో రాసేది. మోగిన పువ్వుకు దారం, మోగనిదానికి లేదు. పద్ధతి ప్రకారం అది నా ప్రయోగం కంటే ముచ్చటైనది, ఫలితం కూడా అదే దారిలో ఉంది. సొర బాగా కోలుకుంది. పూసిన పక్షం రోజుల్లో లేత కాయ కోతకు వస్తుంది కాబట్టి దానిలో మార్పు ముందుగా వంటింటికి తెలిసింది. బీర మాత్రం నేను ఆశించినంత మారలేదు. దాని తీగ పందిరికి అటువైపు, గోడ నీడలో ఉంది. వెలుతురు చాలకపోవడం కూడా కారణం కావచ్చని వచ్చే విత్తుకు చోటు మార్పించాను.

ఈ ఫలితాన్ని చూసి ఏ ఒక్క మార్పుకో కిరీటం పెట్టలేము. నీరు, దీపం, మందు, ఎరువు, మగపూల తుంచివేత అన్నీ ఇంచుమించు ఒకేసారి మారాయి. ఒక్కొక్కటే మార్చి చూస్తే ఏది ఎంత అన్నది తేలేది, కానీ కాయల కోసం ఎదురుచూస్తున్న కుటుంబాన్ని శాస్త్రం పేరుతో ఒక కాలమంతా ఆపడం సలహాదారు పని కాదు. పైగా కాలం కూడా తన వంతు చేసింది. పగలు తగ్గి, వేడి తగ్గే కొద్దీ ఈ మొక్కల్లో ఆడపూల వాటా పెరుగుతుంది. దారం పరీక్ష మార్పులకు ముందే జరిగింది గనుక, పుప్పొడి అందకపోవడమే ప్రధాన లోపమన్న నిర్ధారణ మటుకు నిలుస్తుంది.

కాపు మొదలయ్యాక ఒకసారి కంగారుగా కబురు వచ్చింది: గుమ్మడి తీగకు మళ్లీ పిందెలు రాలుతున్నాయని. చూస్తే అదే తీగ మీద రెండు పెద్ద కాయలు ఊరుతున్నాయి. ఒక తీగ తాను పోషించగలిగినన్ని కాయలు నిలిచాక తర్వాతి పిందెలను తానే వదిలేస్తుంది. అది జబ్బు కాదు, చికిత్స అక్కర్లేదు. అప్పుడు మళ్లీ యూరియా సంచి బయటికి రాకుండా ఆపడమే నేను చేసిన పని.

విత్తనం మాట

నాయనమ్మ మొదటి నిండు కాయలను విత్తనానికి ఉంచాలని కోరింది. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. పరాయి పుప్పొడి పడినా ఈ ఏటి కాయ రుచి, రూపం మారవు. మారేది ఆ గింజల నుంచి వచ్చే ఏడు మొలిచే మొక్క. అదే జాతిలోని వేరే రకం చుట్టుపక్కల ఉంటే తేనెటీగలు కలిపేస్తాయి. అందువల్ల విత్తనానికి ఎంచుకున్న ఆడమొగ్గను, మగమొగ్గను ముందురోజు సాయంత్రమే దారంతో మూసి కట్టి, పొద్దున విప్పి, పుప్పొడి అద్ది, మళ్లీ ఆడపువ్వును మూసి కట్టమని చెప్పాను. సొరకు ఇదే పని ఒక పూట ముందుకు జరిపి, మధ్యాహ్నం కట్టి రాత్రి విప్పాలి. ఆ కాయను తొడిమ పూర్తిగా ఎండే వరకు తీగ మీదే ఉంచి, గుమ్మడినైతే కోశాక కూడా కొన్ని వారాలు నీడలో నిలవ ఉంచితే గింజ గట్టిపడుతుంది.

సొర విత్తనం విషయంలో ఇంటివారందరినీ కూర్చోబెట్టి చెప్పిన మాట ఒకటుంది. చేదు సొరతోనో, అడవి రకంతోనో కలిసిన గింజ నుంచి వచ్చిన కాయలో కుకుర్బిటాసిన్ అనే చేదు పదార్థం ఎక్కువగా ఉండవచ్చు. అది ఉడికించినా పోదు. వాంతులు, రక్తవిరేచనాలతో ప్రాణం మీదికి తెచ్చిన సందర్భాలున్నాయి. అందువల్ల ఇంటి విత్తనంతో పెంచిన సొరను కోసిన ప్రతిసారీ చిన్న ముక్క నాలుక కొసకు తగిలించి, ఏ కొంచెం చేదనిపించినా ఉమ్మేసి, కాయ మొత్తం పారవేయాలని, రసం తీసే అలవాటు ఉన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలని చెప్పాను. అమ్మాయి దీన్ని విత్తనాల డబ్బా మూత మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించింది. బీరకు మార్చిన చోటు ఎలా ఉందో చూడడానికి వచ్చే పూత వేళకు, ఈసారి సాయంత్రమే, ఆ ఇంటికి వెళ్లవలసి ఉంది.